పడవ బిల్ల మీద పాల మచ్చలు

పోయిన గురువారం వెండి బంగారం అమ్మే సరాఫా గల్లీల నేనొక వాదన గెల్సిన. ఎదుటాయన ఒక్క పాయింటుకు గూడ జవాబియ్యలే. దుకాణంల ఒకాయనైతే చప్పట్లు గొట్టిండు. నేను ఇంటికొచ్చి, చెప్పులు ఇడ్సి, గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్న. గసొంటి గెలుపది. అప్పట్నుంచి కనవడ్డోళ్ళంత "బిల్ల ముచ్చటేందే" అని అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తున్నది. నాకు నోరు నొచ్చుడు జిందగీల ఇదే మొదటిసారి. అందుకే అందరికీ ఒక్కపారే చెప్తున్న. చాయ్ తాక్కుంట వినుండ్రి, నడుమ ప్రశ్నలు వద్దు.

మా బాపు పద్మాపూర్ దిక్కు బొగ్గు గనిల డంపర్ నడుపుతడు. ఆయన షిఫ్టుల ఎనిమిది మంది. బాపు ఒక్కడే తెలుగాయన, మిగిలినోళ్ళంత మరాఠీవాళ్ళు. మంచిర్యాల నుంచి కొత్తగ వచ్చినప్పుడు బాపుకు ఒక్క మరాఠీ ముక్క రాకపోతుండె. ఆ షిఫ్టుల ఉన్న వామన్ కాకా నేర్పిండు. బదులుకు బాపు ఆయనకు తెలుగు నేర్పిండు. ఇప్పుడు ఇద్దరు ముచ్చట వెడితే సగం అది, సగం ఇది. పక్కనున్నోనికి ఏ భాషనో సమజ్ కాదు. ఆ వామన్ కాకా ఈ నెల రిటైరయిండు.

మా కాలనీల రిటైరైనోళ్ళకు శాలువ, కొబ్బరికాయ, గోడ గడియారం ఇస్తరు. ఏ ఇంటికి పోయినా అదే గడియారం, అదే సైజు, కింద ఇచ్చినోళ్ళ పేర్లు రాసిన స్టిక్కరు. అన్నం తినేటప్పుడు నేనే నోరు జారిన.

"బాపూ, ఆ మనిషి జిందగీ మొత్తం సైరన్ కొట్టంగనే లేసిండు. ఇగ లేవుడు బందైన రోజు చేతిల గడియారం వెడ్తరా? ఎగతాళి చేసినట్టు లేదా?"

బాపు అన్నం కలుపుకుంటనే ఉన్నడు. నలుగుర్ల నోరు తెరిచే మనిషి కాదు ఆయన. కానీ తెల్లారి షిఫ్టుల, వామన్ కాకా పక్కన లేంది చూసి, నా మాటను మాటకు మాట అప్పజెప్పిండట. అందరూ ఔనన్నరట. "మరేమిద్దాం?" అంటే "వెండి బిల్ల" అన్నడట. "ఎవరు తెస్తరు?" అంటే "నా బిడ్డ జూస్కుంటది" అన్నడట. ఈ ఆఖరు మాటను ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పిండు. అమ్మకు ఒకసారి, నాకు ఒకసారి, టీవీకి ఒకసారి.

నా గురించి ఒక్క మాట. నేను లా రెండో సంవత్సరం. ఇంటర్ నుంచి వాదోపవాద పోటీలల్ల ఉన్న. టీవీ మీద ఆరు కప్పులున్నయి, దుమ్ము దులిపేది అమ్మ. మా డిబేట్ సర్ నేర్పింది ఒకటే మంత్రం: ఎదుటోడు మాట్లాడుతుంటే వినుకుంట కూసోకు, నీ తర్వాతి పాయింట్ తయారు చేసుకో. ఆ మంత్రం మీదనే ఆరు కప్పులు వచ్చినయి. ఏడోది ఏమొచ్చిందో మీరే చూస్తరు.

షిఫ్టోళ్ళంత పోగేసిన పైసలతోటి సరాఫా గల్లీల ఒక ముసలి సేటు దగ్గర బిల్ల కొన్న. విదేశపు టంకశాలల చేసింది. అసలు వెండి, గుండ్రని ప్లాస్టిక్ డబ్బీల పెట్టి ఉన్నది. దేవుని బొమ్మలున్నవి, పువ్వులున్నవి మస్తు చూపెట్టిండు. నేను తెరచాప పడవ ఉన్నది ఏరుకున్న. ఎందుకంటే వామన్ కాకాది ఒకటే పాట, "రిటైరైనంక సముద్రం చూస్త". నల్లటి బొగ్గు గుట్టలు, ఇరై నది, ఎండాకాలంల ఇసుక తేలిన వర్ధా, ఇవి తప్ప ఇంకో నీళ్ళు చూడలే ఆయన. డబ్బీల పడవ అద్దం లెక్క మెరుస్తుండె. బాపు చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పి, "మంచిగున్నది బిడ్డా" అన్నడు. ఆయన నోట్ల ఆ మాటంటే పెద్ద కప్పే.

వీడ్కోలుకు ఇంక మూడు వారాలుండె. బిల్లను అమ్మకిచ్చిన, దాసిపెట్టుమని. మా అమ్మ దాసిపెట్టిందంటే దాసిపెట్టిందే. ఒకప్పుడు మా లైన్ల నాలుగిండ్లల్ల దొంగలు వడ్డరు, నాలుగిండ్లల్ల బీరువాలే పగులగొట్టిన్రు. అప్పట్నుంచి అమ్మ బీరువాల చీరలు తప్ప ఏం పెట్టదు. ఎక్కడ పెడ్తదో మాకు గూడ చెప్పదు. ఏదన్న కావాలంటే వంటింట్లకు పోయి తలుపేసుకుంటది, డబ్బాల చప్పుడైతది, వస్తువు తెచ్చి చేతిల పెడ్తది. అంతే.

వీడ్కోలు ఆదివారం. గురువారం నాడు ఒకసారి చూద్దామని అమ్మనడిగిన. తలుపేసుకున్నది. చప్పుడైంది. తెచ్చిచ్చింది.

డబ్బీల పడవ ఉన్నది. కానీ అంచు చుట్టూ రంగులు. పసుపుపచ్చ, దాని ఎనుక గులాబీ, ఆఖరుకు నీలం. రోడ్డు మీద నీళ్ళల్ల డీజిల్ పడితే ఎట్లుంటది, అట్ల. నడుమ ఇంకో కథ. తెరచాప పైన ఆకాశం జాగల ఐదారు తెల్ల మచ్చలు, పాలు చింది ఎండిపోయినట్టు. గోరుతోటి గీకిన. పోలే.

నేను ఒకటే అనుకున్న. మోసం. అసలు వెండి మూడు వారాలకు గిట్లయితదా? చున్నీ ఏసుకొని స్కూటీ తీసిన. దారి పొడుగునా పాయింట్లు పేర్చుకున్న. నాకు అప్పుడు జలుబు గూడ ఉండె, ముక్కు పూర్తిగ బంద్. ఇది గుర్తు పెట్టుకోండ్రి.

సేటు బిల్లను ముదురెర్ర మఖ్మల్ గుడ్డ మీద పెట్టిండు. అద్దాలు మార్చుకున్నడు. ఒంగి చూసిండు. "హా, మిల్క్ స్పాట్" అన్నడు, మా అమ్మ "హా, కరెంట్ పోయింది" అన్నంత మామూలుగ.

"తాయి, ఈ మచ్చలు దుకాణంల పుట్టినయి కావు. టంకశాలల బిల్లను కడుగుతరు, వేడి చేస్తరు, అచ్చేస్తరు. కడిగిన మందు జెరంత మిగిలిందనుకో, ఎన్నో నెలలకు తెల్లగ పైకి తేల్తది. ఎవరి చేతిల తేల్తదో ఎవరికీ తెల్వది. వెండిల ఖోట్ లేదు, కల్తీ లేదు."

తాయి అంటే అక్క అని మర్యాదగ పిలుసుకుంట ఇంత చెప్పిండు. నేను విన్నది "దుకాణంల పుట్టినయి కావు" అనే ముక్కనే. బాధ్యత తప్పించుకుంటుండు, పాయింట్ నంబర్ వన్.

ఆయన మాట్లాడుకుంటనే సొరుగు గుంజిండు. ఇంకో డబ్బీ తీసి నా ముందట పెట్టిండు. లోపల అసొంటిదే పడవ, ఒక్క మచ్చ లేదు. ఏదో చెప్పబోయిండు. నేను చెయ్యెత్తిన.

"సేట్‌జీ, నన్ను పూర్తి చెయ్యనియ్యండి."

ఇగ సురు చేసిన. గిరాకీ నమ్మకం మీద కొంటది, గుర్తు చూసి కొంటది. కొన్నంక వచ్చిన లోపానికి ఫ్యాక్టరీని చూపెడితే, ఫ్యాక్టరీ గనిని చూపెడ్తది, గని భూమిని చూపెడ్తది, మరి గిరాకీ భూమి మీద కేసెయ్యాల్నా? ఇది మంచిగ వడ్డది. పక్కన పట్టగొలుసులు కొంటున్న ఒకాయన నవ్విండు. నవ్వు వినవడితే నేనాగుతనా? సేటు పెట్టిన కొత్త డబ్బీని పైకెత్తి అందరికీ చూపెట్టిన.

"చూడండి. ఇదే దుకాణం. ఇదే పడవ. దీని మీద ఒక్క మచ్చ లేదు. వీళ్ళ మాలే వీళ్ళ మీద సాక్ష్యం చెప్తుంది."

పట్టగొలుసులాయన చప్పట్లు గొట్టిండు. నేను డబ్బీని కింద పెట్టిన. సేటు దాన్ని వేలితోటి నెమ్మదిగ నా దిక్కు జరిపిండు. నేను నెమ్మదిగ ఆయన దిక్కు జరిపిన.

"తాయి, ఇది..."

"సాక్ష్యాన్ని జరపకండి సేట్‌జీ."

ఆయన ఊపిరి ఇడ్సిండు. మచ్చల బిల్ల డబ్బీ మూత తీసిండు. తీసుడే ఆలస్యం, వరుసగ రెండు తుమ్ములు తుమ్మిండు. పట్టగొలుసులాయన గూడ ముక్కు ఎగబీల్చి, "హింగ్" అన్నడు. దుకాణంల అందరూ నా దిక్కు చూసిన్రు.

"దీన్ని ఎక్కడ పెట్టిన్రు తాయి? భాజీల, అదే కూరల గిట్ల ఏసిన్రా?"

నాకేం వాసన రాలే. "విషయం పక్కకు తీసుకపోకండి" అని గట్టిగ అన్న.

"పక్కకు కాదు, విషయమే చెప్తున్న. ఇంగువల గంధకం ఉంటది. గంధకం సోకితే వెండి రంగు తిరుగుతది. ఈ అంచు రంగులు దాంతోటి వచ్చినయే. వాటిని అట్లనే ఉండనియ్యి, కడగకు. ఆ రంగులే ఇష్టపడి కొనేటోళ్ళున్నరు. మచ్చలంటవా, అవి ఎట్లా..."

"మాటలొద్దు సేట్‌జీ. పరీక్ష చెయ్యండి."

"పరీక్షంటే గీటురాయి మీద రుద్దాలె. గీటు వడ్డదంటే నేను వాపస్ తీసుకోలేను."

"అందరూ వింటున్నరా? గిరాకీని బెదిరిస్తుండ్రు."

"గీటు వడ్తది తాయి."

"పడనియ్యండి."

"మళ్ళొకసారి ఆలోచించు. గీటు వడితే..."

"రుద్దండి."

ఆయన బిల్ల అంచును రాయి మీద ఆనిచ్చిండు. అంచు మీద అయితే ఎవరికీ కనవడకపోతుండె. నేను ఊకున్ననా? "అంచు మీద కాదు. మచ్చలున్నకాడ, నడుమ రుద్దండి. దాసేదేం లేకుంటే నడుమ రుద్దడానికి భయమెందుకు?"

సేటు నన్ను అద్దాల పైకెళ్ళి చూసిండు. తర్వాత తెరచాప పైన మచ్చల నడుమ రాయి ఆనిచ్చి రుద్దిండు. రాయి మీద పడ్డ గీత మీద మందు చుక్క ఏసిండు. గీత రక్తం లెక్క ఎర్రగైంది. ఎర్రగైతే అసలు వెండి అట. అది నాకు గూడ తెలుసు, దారిల ఫోన్ల చదివిన.

సేటు మందు సీసకు మూత పెట్టిండు.

"ఇంకేమన్న పాయింట్ ఉన్నదా తాయి?"

"లేదు."

"అయితే నేను మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి."

"ఈ కొత్తది నీకోసమే తీసిన. కొన్ననాడు రిటైరయ్యేటాయనకు బహుమతి అన్నవ్ గదా, మచ్చలున్నది ఎట్లిస్తవ్ అని. అది నేను ఉంచుకొని ఇది నీకిద్దామనుకున్న. వచ్చినప్పట్నుంచి అదే చెప్తున్న. ఇప్పుడేమో గీటు వడ్డది."

కొత్త పడవను సొరుగుల పెట్టి మూసిండు. గెలిచినోని మొఖం గూడ కాదు ఆయనది. పొద్దంత నిలవడ్డ మనిషి మొఖం. ఆ సొరుగు మూసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఆలోచిస్తే, నా జిందగీల ప్రత్యర్థి ఒప్పుకున్నంక గూడ నలభై నిమిషాలు వాదించిన పోటీ అదొక్కటే.

ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్న అన్న గదా, కొంచెంసేపే. లేసి అమ్మనడిగిన.

"బిల్లను ఎక్కడ పెట్టినవ్?"

"ఎందుకు?"

"అమ్మా."

"ఇంగువ డబ్బాల. ప్లాస్టిక్ డబ్బీ పట్టలే, అందుకే బిల్లను తీసి గుడ్డల చుట్టి పెట్టిన. అడిగితే మళ్ళ డబ్బీలేసి ఇచ్చిన. ఏ దొంగైనా ఇంగువ ఎత్కపోతడా?"

నా బంగారు చెవి రింగులు గూడ అండ్లనే ఉంటయట. పెండ్లిళ్ళకు పోయినప్పుడల్ల నా దగ్గర ఏదో వాసనొస్తుందని దోస్తులంటే, నేను ఏడాది నుంచి షాంపూలు మార్చుకుంట వచ్చిన.

ఇగ బాగు చేసుడు మిగిలింది. సేటు కడగకు అన్నడు, నిజమే. కానీ ఆయనన్న మాట నా బుర్రల అప్పటికింకా చేరలే. గిన్నెల చపాతీలు చుట్టే వెండిరంగు కాగితం పరిచి, మసిలే నీళ్ళు పోసి, వంట సోడా, ఉప్పు ఏసి బిల్లను ముంచిన. కుళ్ళిన గుడ్డు వాసన ఇల్లంత నిండిందని అమ్మ చెప్పింది. ఐదు నిమిషాలకు రంగులు మొత్తం పోయినయి. గులాబీ పోయింది, నీలం పోయింది. తెల్ల మచ్చలు మాత్రం ఒక్కటి గూడ కదలలే. పైకెళ్ళి రంగుల సందడి లేకపోయేసరికి మచ్చలు, గీటు ఇంకా కొట్టొచ్చినట్టు కనవడ్డయి. అంటే ఉండాల్సిందాన్ని కడిగి పోగొట్టిన, పోవాల్సిందాన్ని మెరుగు పెట్టిన.

బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చిండు. కాళ్ళు చేతులు కడుక్కున్నడు. బిల్లను కిటికీ కాడికి తీసుకపోయి చూసిండు. నేను మొత్తం చెప్పిన. ఒక్క ముక్క దాసలే. బాపు బిల్లను మళ్ళ డబ్బీల పెట్టిండు.

"ఆరుగురి ముందట నోరు తెరిచిన బిడ్డా" అన్నడు. "ఒక్కపారి తెరిచిన."

తిట్టినా మంచిగుండు. తిడితే ఎదురు చెప్పొచ్చు. శనివారం డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆయన చేతిల పెద్ద అట్టపెట్టె ఉండె. తన పైసలతోటి గోడ గడియారం కొన్నడు.

ఆదివారం గని క్యాంటీన్ల సభ. శాలువ అయింది, కొబ్బరికాయ అయింది. బాపు గడియారమిచ్చి, దాని మీద బిల్ల డబ్బీ పెట్టి, వచ్చి కూసున్నడు. తలకాయ ఎత్తలే. షిఫ్టోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు, గడియారం వద్దన్నది వీడే గదా అని. అప్పుడు వామన్ కాకా మైక్ దగ్గరికెళ్ళి, "మన వకీల్ సాహెబ్ రెండు మాటలు చెప్పాలె" అన్నడు. నన్ను చిన్నప్పట్నుంచి ఆయన అట్లనే పిలుస్తడు.

నిజం చెప్తున్న, ప్రసంగం తయారుగనే ఉండె. మచ్చలు అనుభవానికి గుర్తులు, గీటు కష్టానికి గుర్తు, మెరిసేదాని కన్న నిలిచేది గొప్పది... బస్సుల కూసొని మొత్తం అల్లుకున్న. మంచిగ చెప్తే సగం మంది కండ్లు తుడుచుకుంటుండె. లేసి నిలవడ్డ. బాపు తన చెప్పుల దిక్కు చూస్తుండు.

"బిల్ల మంచిదే ఉండె. నేను ఖరాబు చేసిన. బాపు తప్పు లేదు" అన్న. కూసున్న. నా జిందగీల అంత పొట్టి ప్రసంగం లేదు.

కాకా డబ్బీ మూత తీసిండు. బిల్లను చూసిండు. వాసన గూడ చూసిండు. తర్వాత బాపు దిక్కు తిరిగి, వాళ్ళిద్దరి సగం సగం భాషల అన్నడు.

"అరే, మా చిన్నల్లుడు ఆ రోజు పట్టగొలుసులు కొనడానికి పోయిండు. చప్పట్లు గొట్టింది వాడే. మొత్తం చెప్పిండు." మైక్ దగ్గరికి గుంజుకున్నడు. "వినుండ్రి. ఇన్నేండ్లల్ల ఇక్కడ ఎన్ని గడియారాలు ఇచ్చిన్రు? ఒక్కదాన్నన్న బజార్ల నలుగురి ముందట గీకి, అసలా కాదా అని చూసిన్రా? నాకిచ్చినదాన్ని చూసిన్రు. ఎర్రగ తేలింది. పడవ కనవడుతున్నది, నాకు చాలు. మబ్బులు ఉండనియ్యి."

అందరూ నవ్విన్రు. బాపు తలకాయెత్తిండు. అది చూసినంకనే నేను కుర్చీల ఆనుకొని కూసున్న.

పోయేటప్పుడు కాకా నన్ను పక్కకు పిలిచిండు. "సోమవారం నాతోటి పెన్షన్ ఆఫీసుకు రా. కాగితాలు ఇయ్యాలె, అక్కడ మాట్లాడే మనిషి కావాలె. కానీ ఒక షర్తు."

"ఏంది కాకా?"

"అక్కడాయన ఇస్తనంటే ఆగు."

సోమవారం పోయినం. ఆఫీసుల ఏమడిగితే ఏం చెప్పాలెనో ఐదు పాయింట్లు రాసుకొని పోయిన. ఒకదాని కన్న ఒకటి పదును. బల్ల ఎనుకున్నాయన కాగితాలు తిరగేసిండు, ఒక్కొక్కటే పక్కకు పెట్టిండు. నేను ఊపిరి నింపుకున్న.

"అన్నీ సరిగనే ఉన్నయి కాకా. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నడు.

"సార్, దాని గురించే..." నా నోట్లకెళ్ళి అప్పటికే వచ్చేసింది.

వామన్ కాకా అంగీ జేబుల చెయ్యి పెట్టిండు. పడవ బిల్లను డబ్బీ లేకుంటనే తీసిండు. నమిలే ఖర్రా పొట్లంతోటి ఒకే జేబుల ఉంచుకుంటుండు గావచ్చు, పొగాకు తునకలు అంటి ఉన్నయి. బల్ల మీద పెట్టి, వేలితోటి నెమ్మదిగ నా దిక్కు జరిపిండు.

నేను నోరు మూసుకున్న. కాకా సంతకం పెట్టిండు. బయటికొచ్చి ఇద్దరం చాయ్ తాగినం.

ఆ ఐదు పాయింట్లు నా దగ్గర అట్లనే ఉన్నయి. ఎవరికన్న కావాలంటే చెప్పుండ్రి. ఇంతవరకు వాడలే, ఒక్క గీటు గూడ పడలే.